పర్దా వెనక కాఫీ

నాకు కాఫీ అలవాటు చేసింది మా పెద్ద నర్సమ్మ. ఆమెది అరవ దేశం. నేను నర్సు పని నేర్చుకున్న ఆస్పత్రిలో తెల్లవారుజామున డ్యూటీ ఎక్కేముందు ఇత్తడి గ్లాసు నా చేతిలో పెట్టి, తాగేదాకా ఎదురుగా నిలబడేది. రామారెడ్డి ఊరి దగ్గరి మా పల్లెలో జొన్న గట్క, అంబలి తప్ప మరొకటి ఎరగనిదాన్ని. మొదటిరోజు అదేదో కషాయం అనుకుని కళ్లు మూసుకుని మింగాను. కొన్నాళ్లకు అది తాగకపోతే తల పగిలిపోయేది.

చదువు అలవాటు మాత్రం బాపు వల్ల వచ్చింది. బాపు పటేళ్ల పొలాల్లో కూలికి పోయేవాడు. ఒక్క అక్షరం రాదు. కానీ నేను పాదిరిగారి బడి నుంచి తెచ్చుకున్న పుస్తకం పైకి చదువుతుంటే, కాళ్ల బురద కూడా కడుక్కోకుండా గడపలో కూర్చుని వినేవాడు. నేను ఆపితే "ఇంకింత సదువు బిడ్డా" అనేవాడు. అవ్వ లోపలినుంచి "బువ్వ సల్లారుతుంది" అని ఎంత అరిచినా కదిలేవాడు కాదు.

ఈ రెండు అలవాట్లూ వెంటబెట్టుకుని కామారెడ్డి దవాఖానలో నర్సుగా చేరాను. కాన్పులు చేయడం, బాలింతలను, పసిపిల్లలను చూడడం నా పని. వారానికోసారి, అంగడి రోజున, బస్సులో తాడ్వాయి మీదుగా ఎల్లారెడ్డికి వెళ్లాలి. అక్కడ దవాఖానవాళ్లు కిరాయికి తీసుకున్న ఒక చిన్న గది ఉండేది. పొద్దున ఆ గది తెరిచి, వచ్చినవాళ్లను చూసి, సాయంత్రం బస్సుకు తిరిగి రావాలి.

కామారెడ్డిలో బస్సు ఎక్కేముందు రైలు స్టేషను ఎదుట ఉన్న కాఫీ హోటలుకు వెళ్లేదాన్ని. వెళ్లడమంటే లోపలికి కాదు. అది బ్రాహ్మణ హోటలు. మాలాంటి వాళ్లకు పక్క సందులో ఒక కిటికీ ఉండేది. అందులోంచి గ్లాసు అందిస్తే సందులోనే నిలబడి తాగి, గ్లాసు మనమే కడిగి పెట్టాలి. మనసు చివుక్కుమనేది. అయినా ఆ కాఫీ వాసన నన్ను ప్రతివారం ఆ సందులోకి లాక్కుపోయేది. గ్లాసు కడిగిపెట్టి, ప్లాట్‌ఫారం మీద సిమెంటు బల్ల మీద కూర్చుని, బస్సు హారను వినిపించేదాకా పుస్తకం చదువుకునేదాన్ని.

చిక్కంతా ఎల్లారెడ్డిలో ఉండేది. మొదట్లో ఆ గదికి వచ్చే ఆడవాళ్లు చాలా తక్కువ. దవాఖాన అంటే కోస్తారని భయం. మధ్యాహ్నానికే పని అయిపోయేది. గది యజమాని తాళం వేసుకుని వెళ్లిపోయేవాడు. సాయంత్రం దాకా నేనెక్కడుండాలి? కచేరీ వరండాలో కూర్చుంటే జవాన్లు కసురుకునేవాళ్లు. ఆగి ఉన్న బస్సులో కూర్చుంటే పెనం మీద కూర్చున్నట్టే. ఒకరోజు బస్సులు ఆగేచోట, ఒక చాయ్ హోటలు తాటాకు పందిరి నీడ నా తల వరకే వస్తే, ఆ నీడలో తల మాత్రం పెట్టి నిలబడి చదువుకుంటున్నాను. హోటలు యజమాని బయటికి వచ్చాడు. తెల్లగడ్డం ముసలాయన, తురకాయన. ఊరంతా ఆయన్ని చాచా అనేది.

"ఎండల గట్ల నిలవడితె కండ్లు తిరుగుతయ్ బేటీ. లోపలికొచ్చి కూసో" అన్నాడు.

"ఆడోల్లు కూసునే జాగ గాదు గద చాచా."

"ఎవలు చెప్పిండ్రు? గోడ మీద రాసున్నదా?"

గోడ మీద రాసి లేదు గానీ లోపల ఉన్న మగవాళ్లందరి ముఖాల మీదా రాసి ఉంది. నేను కదల్లేదు. ఆయన నన్నూ, వాళ్లనూ చూసి లోపలికి పోయాడు. హోటలు వెనకే ఆయన ఇల్లు. కాసేపటికి పూలపూల దుప్పటి ఒకటి తెచ్చి, మూలనున్న బల్లకు అడ్డంగా తాడు కట్టి దాన్ని వేలాడదీశాడు. ఇంటిలోకి పోయే తలుపు కూడా ఆ మూలనే ఉంది. ఆ దుప్పటి ఆయన భార్య పెట్టెలోది. కట్టమన్నదీ ఆమే అని తర్వాత తెలిసింది. తలుపు సందులోంచి నన్ను వారం వారం చూస్తూ, "పాపం ఆ పిల్ల కొంగలెక్క నిలవడ్డది" అని ఆయన్ని సతాయించిందట.

అట్లా నాకు కూర్చుని చదువుకునే చోటు దొరికింది. కాఫీ మాత్రం అక్కడ లేదు. సికింద్రాబాదు నుంచి తెప్పించుకున్న కాఫీపొడి డబ్బా మరుసటి వారం చాచా చేతిలో పెట్టాను. ఆయన దాన్ని వాసన చూసి, చాయ్‌పత్తా లాగే గిన్నెలో వేసి, ఏలకులు, అల్లం దంచి కలిపి, గంటసేపు మరిగించాడు. ఒక్క గుక్క తాగి నేను పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. "ఎట్లున్నది?" అని పర్దా అవతలినుంచి ఆశగా అడిగాడు. "చాచా, జర అల్లం తక్కువేస్తె బాగుంటది" అన్నాను. వారం వారం ఒక్కొక్కటే తగ్గిస్తూ, చివరికి ఆ చేతి కాఫీ ఎంత బాగా కుదిరిందంటే స్టేషను సందులోకి పోవడం మానేశాను.

ఆ రోజుల్లో నా సంచిలో ఒక నవల ఉండేది. బెజవాడ వైపు అచ్చయింది. పెళ్లికి పోతూ తొందరలో వేరే రైలెక్కిన పెళ్లికొడుకు కథ. బాసికం కట్టుకునే కూర్చున్నాడు పాపం. రైలు పెట్టెలో ఉన్నవాళ్లు ఏ ఊరికని అడిగితే ఆడపెళ్లివారి ఊరు పేరు చెప్తాడు. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, రైలు అటు పోదని చెప్పడానికి మనసొప్పక, తలా ఒక అరటిపండు ఇస్తారు. అక్కడికి వచ్చేసరికి నాకు నవ్వు ఆగలేదు. మొదట నోరు మూసుకున్నాను. తర్వాత బల్ల మీద తల పెట్టాను. అయినా బయటికి వచ్చేసింది.

అవతల గ్లాసుల చప్పుడు ఆగిపోయింది. తాడ్వాయి పటేలు ఒకాయన ప్రతి అంగడికీ వచ్చేవాడు. పెద్ద మీసాలు, తక్కువ మాటలు. జోలెలో తన గ్లాసు తానే తెచ్చుకుని అందులోనే చాయ్ పోయించుకునే మనిషి. ఆయన గొంతు వినిపించింది.

"హోటల్ల ఆడోల్ల నవ్వేందయ్యా?"

"మనిషికైతె పర్దా కట్టిన పటేలా" అన్నాడు చాచా. "నవ్వుకు యాడ కట్టాలె?"

ఎవరో కిసుక్కుమన్నారు. అప్పటికే ఇంటి తలుపు తెరుచుకుని చాచా భార్య నా పక్కకు వచ్చి కూర్చుంది. నేను ఆమెను చాచీ అనేదాన్ని. "ఏమాయె? గంతగనం నవ్వుతున్నవ్?" అంది. చెవిలో కథ చెప్పాను. బాసికం, అరటిపండ్లు వినేసరికి ఆమె నాకంటే గట్టిగా నవ్వింది. ఇప్పుడు పర్దా వెనక రెండు నవ్వులు. అందులో ఒకటి హోటలు యజమాని భార్యది. పటేలుకు ఇక కోప్పడడానికి లేకుండా పోయింది.

కాసేపటికి ఆయనే అన్నాడు, "అయితె గా పుస్తకంల ఏమున్నదట? మనకు సుత చెప్పుమను."

చాచీ నా మోచేతిని పొడిచింది. నేను పర్దా వెనకే కూర్చుని పైకి చదవడం మొదలుపెట్టాను. పుస్తకంలో "గది" అని ఉంటే, "గదేంది?" అని అవతలినుంచి ప్రశ్న. "అర్ర" అన్నాను. "గట్ల చెప్పు మరి" అన్నారు. అప్పటినుంచి కళ్లతో వాళ్ల తెలుగు చదివి నోటితో మా తెలుగు చెప్పాను. సాయంత్రం అని ఉంటే మాపటీలి అన్నాను. ఆదివారాన్ని ఐతారం చేశాను. పెళ్లికొడుకు బెజవాడ మనిషి కాస్తా మా పక్క పల్లె పిలగాడు అయిపోయాడు. ఒంటరిగా చదువుకున్నప్పుడు నాకు అంత దగ్గరగా రాలేదు వాడు.

ఆ సాయంత్రం బస్సులో పటేలు ముందు సీటులో, నేను వెనక సీటులో. ఆడమనిషితో నేరుగా మాట్లాడడం ఆయనకు చేతగాదు. చాలాసేపు మీసం సవరించుకుని డ్రైవరుతో అన్నాడు.

"డ్రైవరూ, గా పెండ్లిపిలగాడు రైలు దిగిండా లేదా, అడుగు."

"నర్సమ్మా, పటేలు అడుగుతుండు" అన్నాడు డ్రైవరు, గుంతలు తప్పిస్తూ.

"వచ్చే అంగడికి తెలుస్తదని చెప్పన్నా" అన్నాను.

"వచ్చే అంగడికట పటేలా."

"ఇనవడ్డది లే" అన్నాడాయన విసుగ్గా.

మరో రెండు మూడు అంగళ్లు గడిచాక పర్దా వెనకకు పటేలు భార్య వచ్చింది. బంగారు కడియాలు, పెద్ద బొట్టు, నిండైన మనిషి. పటేలమ్మ అనేవాళ్లు. వస్తూనే నాతో అంది, "మా ఆయన ఇంటికొచ్చి కథ చెప్తుండు. ఆయన నోట వింటె పెండ్లిపిలగాడు సచ్చినట్టె ఉంటది. నవ్వొచ్చే కాడ నవ్వడు. ముందట్ది ఎనకకు, ఎనకది ముందటికి చెప్తడు. అందుకె నేనే వచ్చిన."

నా పక్కనే కూర్చుని, "మీరేమోల్లు?" అని అడిగింది.

"క్రిస్టియనోల్లం అమ్మా."

"గాదు, ముందుగాల?"

చెప్పాను. ఆమె బల్ల మీద కొంచెం అవతలికి జరిగింది. నేను పుస్తకం తెరిచాను. ఆనాటి కథలో పెళ్లికొడుకు తప్పు ఊళ్లో దిగి, అక్కడ జరుగుతున్న వేరే పెళ్లిలోకి పోతాడు. బాసికం చూసి వాళ్లు కూడా వీడినే పీటల మీద కూర్చోబెడతారు. "అయ్యో, అయ్యో" అంటూ పటేలమ్మ ఇటు జరిగింది. అసలు పెళ్లికొడుకు గుర్రం దిగి లోపలికి వచ్చేసరికి ఆమె నా చేయి పట్టుకుని ఊపుతూ, కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వుతోంది. తర్వాత చూసుకుంటే మా ఇద్దరి మధ్య పుస్తకం పెట్టే జాగా కూడా లేదు. ఆమె చూసుకున్నా మళ్లీ జరగలేదు.

పటేలమ్మ కూర్చున్న చోటు కదా, ఇక మిగతా ఆడవాళ్లకు భయం పోయింది. గాజులు అమ్మే ఆమె, కూరగాయల గంపల ఆడవాళ్లు, చంకలో పిల్లలతో తల్లులు, కూలి పని ముగించుకుని వచ్చినవాళ్లు. చాచా వారం వారం పర్దా తాడును ఒక బల్ల ముందుకు జరుపుతూ పోయాడు. మగవాళ్లు పందిరి కిందికి చేరారు. నేను కథ మంచి పట్టులో ఉన్నచోట పుస్తకం మూసి, "నీ పిల్లకు గజ్జి లేచింది. వచ్చే అంగడికి పొద్దుగాల తెచ్చి చూపియ్యకుంటె ముందట కథ చెప్ప" అనేదాన్ని. నవ్వుతూ తిట్టేవాళ్లు. కానీ తెచ్చేవాళ్లు. భయపడి మా గది గుమ్మం తొక్కనివాళ్లు పొద్దున్నే వచ్చి బయట వరుసగా కూర్చునేవాళ్లు. మా డాక్టరుగారు ఆశ్చర్యపోయి, ఏం మందు ఇస్తున్నావని అడిగారు. చెప్తే నమ్మరని ఊరుకున్నాను.

అప్పటికి యుద్ధం వచ్చింది. పెట్రోలు దొరక్క బస్సుకు వెనక బొగ్గు పొయ్యి కట్టారు. అది ఎత్తు దారి వస్తే దగ్గుతూ ఆగిపోయేది. చక్కెర కరువైంది. చాచా బెల్లంతో కాఫీ చేశాడు. మొదట్లో అందరూ ముఖం చిట్లించారు. తర్వాత అదే కావాలన్నారు.

నలుగురు గుమిగూడితే సర్కారు అనుమానంగా చూసే కాలం కూడా అదే. తెలుగులో ఏదన్నా సభ అంటే ముందుగా ఇజాజత్, అంటే అనుమతి, తీసుకోవాలి. ఒక అంగడినాడు నేను చదువుతుండగా బయట గుర్రం ఆగిన చప్పుడైంది. పోలీసు అమీన్ సాబ్ లోపలికి వచ్చాడు. అందరూ లేచి నిలబడ్డారు.

"ఇదేం జల్సా? ఏం సభ? ఇజాజత్ ఉన్నదా?"

చాచా చేతులు కట్టుకున్నాడు. పర్దా వెనకనుంచి చాచీ గొంతు గట్టిగా వచ్చింది, "చాయ్ పీనే కో బీ ఇజాజత్ హోనా క్యా సాబ్?" చాయ్ తాగడానికి కూడా అనుమతి కావాలా అని.

అప్పుడు, ఎప్పుడూ నాలుగు మాటలు మాట్లాడని పటేలు ముందుకు వచ్చాడు. "కాఫీ తాగుతున్నం సాబ్."

"గింతమందా?"

"ఒక్కలె తాగితె ఏం మజా సాబ్?"

అమీన్ సాబ్ నవ్వలేదు. "చదివే మనిషిని పుస్తకం తీసుకొని రమ్మను" అన్నాడు. నేను పర్దా తొలగించుకుని వచ్చాను. అంతమంది మగవాళ్ల మధ్య నిలబడడం అదే మొదలు. ఆయన పుస్తకం అందుకున్నాడు. ఉర్దూ చదువుకున్నవాడు కదా, అలవాటుగా కుడివైపు నుంచి తెరిచాడు. ఆఖరి పుట వచ్చింది. దాని మీద వేలు పెట్టి, "ఇది చదువు" అన్నాడు.

నేను నోరు తెరిచానో లేదో, పర్దా సందులోంచి చూస్తున్న ఆడవాళ్ల గోల లేచింది. "అది వద్దు! అది వద్దు!"

అమీన్ సాబ్ కళ్లు చిన్నవయ్యాయి. "ఎందుకు వద్దు? ఏమున్నది దీంట్ల?"

"సాబ్, అది ఆఖరు పుట" అన్నాడు పటేలు బతిమాలుతున్నట్టు. "అది చదివితె పెండ్లయిందో లేదో ఎరుకైతది. ఇంక కథల మజా ఏముంటది?"

"ఎవరి పెండ్లి?"

"మా పిలగానిది సాబ్" అని అరిచింది పటేలమ్మ లోపలినుంచి.

ఆయనకు ఏమీ అర్థం కాలేదు. కానీ వదిలిపెట్టే మనిషి కాదు. నన్ను బయట గుర్రం పక్కకు తీసుకుపోయి అక్కడ చదవమన్నాడు. ఎవరికీ వినపడకుండా ఆఖరి పుట చదివాను. చదవాలి కాబట్టి నేనూ అప్పుడే తెలుసుకున్నాను చివరికి ఏమైందో. ఆయన తల వంచి శ్రద్ధగా విన్నాడు. విని, "ఎవడు వీడు? అరటిపండు చూసి ఎందుకు ఏడుస్తుండు?" అన్నాడు.

"అది ఎరుక కావాలంటె మొదటికెల్లి వినాలె సాబ్" అన్నాను.

ఆయన కాసేపు గుర్రం జూలు నిమిరాడు. తర్వాత లోపలికి నడిచి, మధ్య బల్ల మీద కూర్చుని, టోపీ తీసి పక్కన పెట్టి, "మొదటికెల్లి చదువు" అన్నాడు.

హోటలంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. విన్న కథే మళ్లీ వినడానికి అందరికీ పండగే. నేను ఎక్కడ నిలబడాలో తోచలేదు. ఇటు మగవాళ్లు, అటు ఆడవాళ్లు. చాచా పర్దాను సగం దాకా దగ్గరికి జరిపి, చాచీ ఉన్న మూలకు మాత్రం ఉంచాడు. ఇద్దరికీ వినపడేలా నేను నడుమ స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఆ రోజు తర్వాత నా చోటు అదే అయింది. అరటిపండ్ల ఘట్టంలో అమీన్ సాబ్ బల్ల గుద్దుతూ నవ్వాడు. చాచా ఆయన ముందు బెల్లం కాఫీ పెట్టాడు. తాగి రెండోది అడిగాడు.

ఆ తర్వాత కొన్ని అంగళ్ల పాటు మాకు అసలు వినోదం కథ కాదు, అమీన్ సాబే. ముగింపు తెలిసిన మనుషులం ఊళ్లో ఆయనా నేనూ. పటేలు కథ విననే వినడు. అమీన్ సాబ్ ముఖం చూస్తూ కూర్చునేవాడు. పెళ్లికూతురి తండ్రి ఉరిమినప్పుడు ఆయన మీసం కింద చిరునవ్వు కనబడితే, "పెండ్లయితది, పెండ్లయితది" అని పక్కవాడి తొడ మీద చరిచేవాడు. "సాబ్, ఒక్క ముక్క చెప్పరాదు?" అని బతిమాలేవాడు. "సర్కారీ రాజ్" అనేవాడు అమీన్ సాబ్. సర్కారు రహస్యమని. గడ్డి మోపులతో గుర్రాన్ని మచ్చిక చేసుకున్నారు గానీ ఆయన్ని ఎవరూ కదిలించలేకపోయారు.

ఆఖరి పుట చదివిన రోజు పెళ్లయిందని అందరికీ తెలిసిపోయింది. పందిరి కింద ఈలలు వేశారు. పటేలమ్మ నిజంగానే అక్షింతలు తెచ్చింది. అవి నా మీద చల్లింది, పుస్తకం మీద చల్లింది, మిగిలినవి పర్దా పైనుంచి చాచీ మీద చల్లింది. అమీన్ సాబ్ లేచి నిలబడి, "నేను ఒక్కరికి గూడ చెప్పలె! అడుగుండ్రి!" అన్నాడు. అంత గర్వం ఆయన ముఖంలో ముందెన్నడూ చూడలేదు.

తర్వాత ఇంకో పుస్తకం, ఆ తర్వాత ఇంకొకటి. నన్ను డోంగ్లి వైపు దవాఖానకు మార్చారని తెలిసినప్పుడు నాకంటే ముందు చాచీ ఏడ్చింది. మరాఠీ మాట్లాడే ఊళ్లట, అక్కడ కథలు ఎవరు వింటారు నీకు అని. పటేలమ్మ ఏడవలేదు. తర్వాతి వారం ఒక పుస్తకం కొంగు కింద పెట్టుకుని వచ్చింది. చిన్నప్పుడు వాళ్లన్న చదువుకుంటుంటే పక్కన కూర్చుని అక్షరాలు పట్టుకుందట. పెళ్లయినాక ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. ఇన్నాళ్లుగా నా భుజం మీదుగా చూస్తూ, నేను నోటితో మార్చి చెప్పే మాటలనూ అచ్చులో ఉన్న మాటలనూ పోల్చుకుంటూ కూర్చుందట.

నా ఆఖరి అంగడినాడు స్టూలు మీద ఆమె కూర్చుంది. పటేలు పందిరి గుంజకు ఆనుకుని, ఆమెను ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూస్తున్నాడు. ఆమె వేలు పెట్టి, ఒత్తుల దగ్గర ఆగి, ఊపిరి తీసుకుని చదువుతోంది. మధ్యలో "వీడు ఒట్టి యెర్రోడు" అని తన మాట కలిపేది. అది పుస్తకంలో ఉందో, ఆమెదో తెలియక అందరూ నవ్వేవాళ్లు.

నేను చాచీ పక్కన కూర్చుని విన్నాను. చదివే పని లేదు కాబట్టి, కథలు మొదలయ్యాక ఆ హోటల్లో మొదటిసారి కాఫీని వేడివేడిగా, ఊదుకుంటూ తాగాను. డ్రైవరు వచ్చి బస్సు పొయ్యిలో బొగ్గు రాజుకుందన్నాడు. నేను సంచీ తీసుకుని లేచాను. అతను మాత్రం గుమ్మంలోనే ఆగి, పటేలమ్మ వైపు చెవి ఒగ్గి, "ఈ పుట అయినంక పోదాం నర్సమ్మా" అన్నాడు.

నేను మళ్లీ కూర్చుని చాచాను ఇంకో కాఫీ అడిగాను.